పూరా చేతుల అంగీ

పాల్పా కొండలు, నేపాల్
28 అక్టోబరు 1963

జకరయ్య అన్నకు,

చేరాను. ముందు ఆ మాట రాసి ఊపిరి పీల్చుకుంటున్నాను. నిజామాబాద్ స్టేషన్లో రైలు కదిలేదాకా నువ్వు నాతో మాట్లాడలేదు. కదిలాక మాత్రం కిటికీ చువ్వ పట్టుకుని పది అడుగులు నడిచావు. దారంతా ఆ పది అడుగులే గుర్తుకొచ్చాయి.

మన్మాడ్‌లో ఒక బండి మారాను, గోరఖ్‌పూర్‌లో ఇంకొకటి. సరిహద్దు దాటాక లారీ మీద బియ్యం బస్తాల మధ్య కూర్చున్నాను. ఆ పైన రోడ్డు లేదు, రెండు రోజులు నడకే. నా ట్రంకుపెట్టెను ఒక మనిషి వెదురు గంపలో పెట్టి, గంప తాడును నుదుటికి తగిలించుకుని కొండ ఎక్కేశాడు. ఒట్టి చేతులతో నడిచి కూడా నేను ఆయనను అందుకోలేకపోయాను. మన రెంజల్లో ఎత్తు ఎక్కడమంటే చెరుకు బండి ఎక్కడమే కదా! ఇక్కడ పక్కింటికి పోవాలన్నా ఒక గుట్ట దిగి ఇంకో గుట్ట ఎక్కాలి.

రాతి గోడలు, రేకుల కప్పు, నలభై మంచాలు, అదీ మా ఆసుపత్రి. వెనకవైపు కుష్ఠు రోగుల వార్డు, నా పని అక్కడే. డాక్టరమ్మ పేరు ఇంగ్రిడ్, నార్వే దేశం మనిషి. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత ఎత్తు. నేపాలీ రాదని భయపడ్డాను గానీ మన నిజామాబాద్ ఉర్దూతో సగం పని గడుస్తోంది. పొద్దున లేవగానే మంచు కొండలు కనబడతాయి. ఎండ పడితే అచ్చం గానుగ దగ్గర ఆరేసిన తెల్ల బట్టల్లా ఉంటాయి.

మన చర్చి పరదేశ సేవకు పంపిన మొదటి మనిషినని పాస్టరు అయ్యగారు తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి పంపారు. పని మొదలైందని ఆయనకు చెప్పు. అంతా బాగుంది. వదినకు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లె
ఎస్తేరు


రెంజల్
27 నవంబరు 1963

చెల్లె ఎస్తేరుకు,

నీ జాబును అయ్యగారు ఆదివారం చర్చిలో చదివించారు. అందరూ సంతోషపడ్డారు. వెంకటవ్వ అయితే కండ్లు తుడుచుకుంది. నేను చివరి వరుసలో కూర్చుని విన్నాను.

నాకు కోపం పోలేదు, రాస్తే తప్పేముంది? బాపు పోయినప్పుడు నీకు తొమ్మిదేండ్లు. ఆ మరుసటి ఏడే అవ్వ పోయింది. నూరుల్లా సాబు బెల్లం బట్టీలో పాకం కలిపి నిన్ను చదివించాను. ఆ చదువు పక్క దేశపు కొండల కోసమా? ఇక్కడ రోగులు లేరా? బోధన్ బస్సు అడ్డా దగ్గర చేతులు చాపి కూర్చునేవాళ్లు నీకు కనబడలేదా? నువ్వు చదువుకున్న ఆసుపత్రి వాళ్లే ఉద్యోగం ఇస్తామన్నారు. కాదని పోయావు.

మొన్న ముస్తఫా అడిగాడు, "మీ చెల్లె గంత దూరం పోయి ఏం చేస్తదిరా?" అని. పొయ్యి దగ్గర నాతో పదిహేనేండ్లుగా పనిచేస్తున్న మనిషి, ఏదో ఒకటి చెప్పాలి కదా. అదేదో నువ్వే రాయి.

వచ్చే వారం బట్టీ మొదలు. ఈ ఏడు చెరుకు బాగుంది. వదిన మామిడి తొక్కు డబ్బాకెత్తి పోస్టాఫీసుకు పంపితే, నూనె కారుతుందని వాళ్లు తీసుకోలేదు. మా పెద్దది రూతు ఒకటో తరగతిలో చేరింది. చలికి జాగ్రత్త.

అన్న
జకరయ్య


పాల్పా కొండలు
9 జనవరి 1964

అన్నా,

మొదటి జాబు చర్చిలో చదవడానికి రాసింది. ఇది నీకు. ఎవరికీ చదివి వినిపించకు.

నేను ఇక్కడ చేస్తున్నది కాళ్లు కడగడం. నాలుగేండ్లు నర్సు చదివి, కాన్పులు చేసి, ఆపరేషన్ గదిలో నిలబడ్డ మనిషిని కదా. పొద్దున ఏడింటికి ఇరవైరెండు మంది బల్లల మీద కూర్చుని తొట్లలో కాళ్లు పెడతారు. ఆ పాదాలకు స్పర్శ ఉండదు. ముల్లు దిగినా తెలియదు, రాయి కోసినా తెలియదు. వాటిని నానబెట్టి, చచ్చిన చర్మం గీకి, పుండు కడిగి కట్టు కట్టాలి. వారం తిరక్కుండానే డాక్టరమ్మను అడిగాను, నాకు ఇంకో పని లేదా అని. ఆమె తన పక్కన ఒక ముక్కాలిపీట వేసింది. "పుండు మానితే కాలు నిలుస్తుంది. ఇంతకంటే పెద్ద ఆపరేషన్ నాకు తెలియదు" అంది. తనూ కింద కూర్చుని గీకుతోంది, ఇంకేమంటాను?

వచ్చిన రోజే ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టించారు. ఈ దేశంలో మతం మార్చడం నేరమట. వైద్యం చేయవచ్చు, బోధించకూడదు అనే షరతు మీదనే ఆసుపత్రి నడుస్తోంది. బాపు భుజాన డప్పు వేసుకుని రెంజల్ నుంచి వర్ని దాకా ఊరూరా వాక్యం చెప్పాడు. ఆయన బిడ్డ నోరు మూసుకుంటానని సంతకం చేసింది. "ఎంతమందికి చెప్పినవమ్మా?" అని అయ్యగారు అడిగితే ఏం రాయాలి?

ఇవి తట్టుకున్నాను. తట్టుకోలేనిది వేరే ఉంది.

వార్డులో కౌశిలా అనే ముసలమ్మ ఉంది, బ్రాహ్మల ఇంటి మనిషి. చేతివేళ్లు సగం పోయాయి. ఇంటివాళ్లు మొదట పశువుల కొట్టంలో పడేశారు, తర్వాత ఊరి బయటికి తోలేశారు. జ్వరంతో కాలిపోతుంటే గ్లాసుతో నీళ్లిచ్చాను. రెండు మోడు చేతుల మధ్య గ్లాసు పట్టుకుని, తాగబోతూ ఆగి, "నీదే జాతి?" అని అడిగింది. అబద్ధం చెప్పవచ్చు. ఇక్కడ నన్నెరిగినవాళ్లు ఎవరున్నారు? అయినా చెప్పాను, మా తాతలు తోలు పని చేసేవాళ్లని. ఆమె గ్లాసును మెల్లగా కింద పెట్టేసింది. తెల్ల నర్సు వచ్చి అవే నీళ్లు ఇస్తే గటగటా తాగింది.

అంటు పాటించమనే పాత చట్టాన్ని పోయిన ఏడే ఈ దేశంలో తీసేశారట. కౌశిలాకు ఆ కబురు అందలేదు. మన అవ్వ చేదబావికి దూరంగా ఖాళీ కుండ పట్టుకుని, ఎవరైనా నీళ్లు పోస్తారేమోనని నిలబడేది, నీకు గుర్తుందా? ఇంత దూరం వచ్చి నేను అక్కడే నిలబడ్డాను.

మర్నాడు పొద్దున మళ్లీ ఆమె కాళ్లు కడిగాను. కాళ్లు ముట్టనిస్తుంది, నీళ్లు మాత్రం ముట్టదు. రెండేండ్లకని వచ్చాను, రెండేండ్లూ ఉంటాను. ముస్తఫా అన్నకు ఏం జవాబు చెబుతావో నీ ఇష్టం.

ఎస్తేరు


రెంజల్
12 ఫిబ్రవరి 1964

చెల్లే,

జాబు చదివి అన్నం తినలేదు. వచ్చెయ్. కొండల్లో కాళ్లు కడిగి మాట పడాల్సిన ఖర్మ నీకు లేదు. ఆ ముసలిదానికి వేళ్లు పోయినా పొగరు పోలేదే! నేను అక్కడుంటే ఆ గ్లాసు ఆమె ముందరే గోడకేసి కొట్టేవాణ్ని.

సరే, నువ్వు మొండిదానివి, రావు. నీ మనసు తేలికపడేలా ఒక నవ్వులాట రాస్తాను.

బట్టీ జోరుగా నడుస్తోంది. మొన్న పాకం ముదిరే వేళకు కడాయి అంచు పట్టుకుని ముస్తఫాతో మాట్లాడుతున్నాను. ఉన్నట్టుండి వాడు ముక్కు ఎగబీల్చాడు.

"ఏందిరా గీ వాసన? తోలు కాలినట్టున్నది" అన్నాడు.

"చెర్కు పిప్పిల కుక్క తోలు గిట్ల పడ్డదేమో" అన్నాను.

వాడు నా వైపు చూసి ఒక్క కేక పెట్టాడు. "అరే జకరయ్యా! చెయ్యి! చెయ్యి తియ్యి!"

"ఏ చెయ్యి?" అన్నాను నేను. చూసుకుంటే కుడిచేయి, చిటికెనవేలి వైపు అంతా అంచుకు అంటుకుని ఉంది. తీస్తే చర్మం ఊడి వచ్చింది. బట్టీ అంతా నవ్వు. ఇన్నేండ్ల పనికి నా చెయ్యి కూడా ఇనుమై పోయిందని నూరుల్లా సాబు అన్నాడు. వదిన కలబంద గుజ్జు పెట్టి కట్టు కట్టింది. ఇప్పుడు బాగానే ఉంది. రాత కొంచెం వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

జకరయ్య


పాల్పా కొండలు
6 మార్చి 1964

అన్నా,

నవ్విద్దామని రాశావు. నేను నవ్వలేదు. ఆ జాబును నాలుగుసార్లు చదివాను.

ఇనుములా మారిన చేతికైనా నిప్పు తెలుస్తుంది. బట్టీలో పనిచేసేవాళ్లందరి చేతులూ మొద్దుబారినవే కదా, ముస్తఫా అన్న చెయ్యి కడాయికి అంటుకుంటే ఆయన ఊరు వినబడేలా అరవడా? "ఏ చెయ్యి?" అని నువ్వు అడిగావు చూడు, ఆ మాట నేను ఇక్కడ రోజూ వింటున్నాను. పుండు పడ్డ కాలు చూపించమంటే "ఏ కాలు?" అని అడుగుతారు.

నేను అడిగేవాటికి నిజం రాయి. నీ ఒంటి మీద ఎక్కడైనా తెల్లబారిన మచ్చ ఉందా? అక్కడ చెమట పట్టదా? చిటికెనవేలూ దాని పక్క వేలూ లోపలికి వంగుతున్నాయా? మోచేతి వెనక తడిమితే నరం తాడులా దొరుకుతుందా? కండ్లు మూసుకుని, వదినతో పత్తిపోగు ఒకటి ఆ మచ్చ మీద ముట్టించుకో. ముట్టినప్పుడల్లా చెప్పు. చెప్పగలిగితే నా భయం ఉత్తదే, నన్ను తిట్టుకో. చెప్పలేకపోతే మళ్లీ జాబు రాయక్కర్లేదు. నేరుగా నేను చదివిన ఆసుపత్రికి పో. మాత్రలున్నాయి అన్నా. బాపు కాలం కాదు ఇది.

ఎస్తేరు


రెంజల్
2 ఏప్రిల్ 1964

ఎస్తేరుకు,

నీ జాబు అందింది. నువ్వు రాసిన రోగం నాకు లేదు. పొద్దస్తమానం ఆ రోగులనే చూసి చూసి నీకు అందరూ అలాగే కనబడుతున్నారు. ఇలాంటి సంగతులు ఇకముందు రాయకు. పోస్టుమాస్టరు చేతికి కవర్లు తడిసి జిగురు ఊడి వస్తున్నాయి, ఎవరైనా విప్పి చదివితే మా బతుకు ఏమవుతుంది? మీ వదిన సారమ్మకు, పిల్లలకు ఈ ఊళ్లో మొహం ఉండొద్దా?

అందరం క్షేమం.

జకరయ్య


పాల్పా కొండలు
25 ఏప్రిల్ 1964

అన్నా,

పరీక్ష చేయించుకున్నానని నువ్వు రాయలేదు. రోగం లేదని మాత్రం రాశావు. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో నాకు తెలుసు. ఆరు నెలలుగా ఆ దూరంలోనే పనిచేస్తున్నాను.

ఇంటి అడ్రసుకు రాయను. ఈ జాబును ముస్తఫా అన్న పేర పంపుతున్నాను. ఆయనకు తెలుగు చదవడం రాదు, విప్పకుండా నీకే ఇస్తాడు. పత్తిపోగు పరీక్ష వదినతో వద్దంటే ఆయనతోనే చేయించుకో.

నీ మీద ఒట్టు, నాకు జవాబు కావాలి.

ఎస్తేరు


రెంజల్
15 జూన్ 1964

చెల్లే,

రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

బట్టీ మూసిన రోజు, అందరూ పోయాక ముస్తఫాను గానుగ వెనక్కి తీసుకుపోయాను. అంగీ చెయ్యి పైకి మడిచాను. పైపంచె అంచు నుంచి పోగు ఒకటి లాగి వాడి చేతికిచ్చి, "ఈడ ముట్టియ్యి, నేను కండ్లు మూసుకుంట" అన్నాను.

కూర్చున్నాను. గాలి తెలుస్తోంది, పిప్పి వాసన తెలుస్తోంది. "ముట్టియ్యిరా" అన్నాను.

మళ్లీ అడిగాను.

"ముస్తఫా, ముట్టియ్యమంటున్న గద."

"మూడుమాట్ల ముట్టిచ్చిన భై" అన్నాడు వాడు.

కండ్లు తెరిచేసరికి వాడు పోగును ఇంకా నా చెయ్యి మీదే పట్టుకుని ఉన్నాడు.

నీ దగ్గర ఇక దాచను. మచ్చ మోచేతి దగ్గర పుట్టి మూడేండ్లయింది. పాకం చుక్క పడిందని సారమ్మకు చెప్పాను, నమ్మింది. ఊళ్లో ఎవరు అడిగినా అదే చెప్పాను, నమ్మారు. నువ్వు నమ్మవు. అందుకే నువ్వు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా ఎండాకాలంలో కూడా పూరా చేతుల అంగీ తొడుక్కునేవాణ్ని. నువ్వు నవ్వేదానివి, "అన్న పట్వారీ అయిండు" అని.

నువ్వు నేపాల్‌కు పోతానంటే ఊరంతా వినేలా అరిచాను. అది నిజమే. కానీ నిన్ను రైలెక్కించి ఇంటికి వచ్చాక అంగీ విప్పి అరుగు మీద పారేసి, బనీనుతో గాలికి కూర్చున్నాను. మూడేండ్లలో మొదటిసారి హాయిగా ఉంది. ఏడుస్తున్నాను, అయినా హాయిగా ఉంది. చెల్లె పోతే సంతోషించిన అన్నను నేను. ఇది రాయకుండా మిగతావన్నీ రాస్తే అబద్ధమవుతుంది.

ఇంకో సంగతి. మూడేండ్లుగా చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోలేదు, అందరం తాగే ద్రాక్షరసం పాత్ర ముట్టలేదు. నా పెదవి తగిలిన పాత్రలోనే వెంకటవ్వ తాగుతుంది, పిల్లల తల్లులు తాగుతారు. అందుకే ప్రతిసారీ చివరి వరుసలోంచి లేచి బయటికి పోయాను. నేను కల్లుకు మరిగానని, అందుకే మొహం చెల్లడం లేదని చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ అని ఊరుకున్నాను.

నువ్వు వచ్చెయ్ చెల్లే. నువ్వుంటే ఎవరికీ తెలియకుండా నువ్వే మందిస్తావు.

జకరయ్య


పాల్పా కొండలు
8 జూలై 1964

అన్నా,

నీ జాబు అందిన రోజే ట్రంకుపెట్టె సర్దాను. డాక్టరమ్మ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆమె కారణం అడగలేదు. "వెళ్లాలనుకుంటే వెళ్లు. రోగుల కాళ్లు మేం కడుగుతాం" అంది. వానలకు దారి తెగింది, నాలుగు రోజులు ఆగమన్నారు. ఆ నాలుగు రోజులూ ఆలోచించాను.

నేను రాను.

నేను వస్తే నువ్వు ఏం చేస్తావో నీ జాబులోనే ఉంది. ఎవరికీ తెలియకుండా మందు. నన్నే ఒక ఆసుపత్రిని చేసుకుని ఇంట్లో దాక్కుంటావు. ఆ పూరా చేతుల అంగీ విప్పి ఈసారి నన్ను తొడుక్కుంటావు. నేను మచ్చకు మందివ్వగలను, దాచడానికి మందివ్వలేను.

నేను పోతే నీకు హాయిగా అనిపించిందని రాశావు. దానికి నాకు కోపం రాలేదు, నువ్వూ ఇక దాని గురించి ఏడవకు. నిన్ను చూస్తూ అంగీని మాత్రమే చూసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఈ జాబు అందిన పది రోజుల్లో నువ్వు ఆసుపత్రికి పోవాలి. ముందు వదినకు చెప్పాలి. పిల్లలను కూడా తీసుకుపోయి చూపించాలి. ఒకే కప్పు కింద ఏండ్ల తరబడి ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు అంటుకునే అవకాశం ఉంది. పాత్ర వల్ల అంటదు, ఆ భయం వదిలెయ్. ఆసుపత్రిలో నాతో చదివిన శ్యామలమ్మ ఉంది, ఆమెకు విడిగా రాశాను. ఆగస్టు ఆఖరుకు ఆమె నుంచి కబురు రాకపోతే వదినకు నేనే రాస్తాను. బెదిరింపు అనుకుంటే అనుకో. నన్ను పెంచింది నువ్వే, ఈ మొండితనం నీ దగ్గరే నేర్చుకున్నాను.

కౌశిలా పుండు మానింది. మొన్న కొత్త చెప్పులు తొడుక్కుని, కొడుకు ఇంటికి కాదు, కూతురి ఊరికి పోయింది. పోయేదాకా నా చేతి నీళ్లు తాగలేదు. వాగు దాటించి వచ్చాను.

ఎస్తేరు


రెంజల్
20 సెప్టెంబరు 1964

చెల్లే,

శ్యామలమ్మ రాసే ఉంటుంది. అయినా అన్నీ నేనే చెప్పాలి.

సారమ్మ అరుగు మీద బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. చేట పక్కకు పెట్టింది.

"ఎన్నేండ్ల సంది?"

"మూడు."

"మూడేండ్లు నా కడుపుల పుట్టిన పిల్లలను గా చేతుల మీదనే ఎత్తుకున్నవు. నాకు చెప్పకపోతివి" అంది. అరిస్తే బాగుండు, అరవలేదు. లేచి పిల్లలిద్దరినీ పిలిచి, బట్టలు విప్పించి, ఎండలో నిలబెట్టింది. తల మొదలుకొని అరికాలి దాకా వెతికింది. చిన్నోడికి ఏమీ లేదు. రూతు కుడి తొడ వెనక రూపాయి బిళ్లంత మచ్చ ఉంది.

దడి నుంచి తుమ్మముల్లు ఒకటి విరిచి ఆ మచ్చ మీద గుచ్చింది సారమ్మ. రూతు గవ్వలాడుకుంటోంది. తల తిప్పలేదు.

ఏడ్చేశాను ఎస్తేరూ. దాచింది నేను, పడింది అది. సారమ్మ ముల్లు పారేసి కొంగు బొడ్లో దోపుకుంది. "ఏడ్సుడు తర్వాత. బస్సు ఎన్ని గొట్టంగ ఉన్నది?" అంది.

ఆసుపత్రిలో ఇద్దరికీ మాత్రలు మొదలుపెట్టారు. రూతుది మొదటి దశట, వేళ్లకు ఏమీ కాకుండా పోతుందని డాక్టరు చెప్పాడు. నా రెండు వేళ్లు మాత్రం వంగినవి వంగినట్టే ఉండవచ్చట. నూరుల్లా సాబుకు నేనే చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుని, "ఇగ పొయ్యి కాడికి రాకు, చెయ్యి మొత్తం కాల్చుకుంటవ్. గానుగ కాడ ఎడ్లను తోలు" అన్నాడు. నేనుంటే తాము రామని ఇద్దరు కూలీలు పోయారు. ముస్తఫా పోలేదు.

పోయిన ఆదివారం ప్రభువు బల్ల. వాక్యం అయ్యాక లేచి నిలబడ్డాను. అంగీ చేతులు మడిచే ఉన్నాయి. "నేను కల్లుకు మరగలేదు. నాకు పెద్దరోగం ఉన్నది. మందు తింటున్న. గిన్నేండ్లు పాత్ర ముట్టంది గందుకే" అన్నాను. హన్మండ్లు తన పిల్లల చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. అతని వెనక ఇంకో మూడు కుటుంబాలు పోయాయి.

అయ్యగారు నన్ను రమ్మన్నారు. పాత్రతో అంటదని నువ్వు రాసిన మాట చెప్పాను. అయినా ఎవరికీ భయం ఉండకూడదని, అందరూ తాగాక ఆఖరున తాగుతానన్నాను. అలాగే వరుస చివర నిలబడ్డాను. అప్పుడు వెంకటవ్వ కర్ర పొడుచుకుంటూ తన చోటు వదిలి వెనక్కి వచ్చింది.

"ఆఖర్ల ఎందుకు నిలవడ్డవురా? నీ ఎన్క తాగెటోళ్లు లేరనా? జరుగు, ముందటికి జరుగు" అని నా వీపు మీద చెయ్యి పెట్టి తోసింది. నా వెనక నిలబడింది. ఆమె వెనక సారమ్మ. ఆ తర్వాత ఒక్కొక్కరే, మొత్తం ఆరుగురు. మిగతావాళ్లు నాకంటే ముందే తాగి కూర్చున్నారు. నాకు ఆరుగురు చాలు.

నువ్వు రాకపోవడమే మంచిదైంది. ఈ మాట మనసుతోనే రాస్తున్నాను.

జకరయ్య


పాల్పా కొండలు
11 జనవరి 1965

అన్నా,

రూతు సంగతి చదివి ఒకరోజంతా పని చేయలేకపోయాను. సెలవుల్లో ఎన్నిసార్లు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేశాను! నేనూ చూడలేదు. ఆ మచ్చను ముల్లుతో కనిపెట్టిన వదిన ముందు నా నాలుగేండ్ల చదువు ఏ మూలకు? రూతు మాత్ర మింగనని మారాం చేస్తోందని వదిన రాయించింది. బెల్లం ముక్క పెట్టి మింగించండి. ఒక్కరోజు కూడా తప్పకూడదు, ఏండ్ల పాటు తినాలి. నువ్వు కూడా.

నిన్ను అడగకుండా ఒక పని చేశాను. మా వార్డులో మన్‌బహదూర్ అని ఒకతను ఉన్నాడు, నీ ఈడువాడే. పట్నంలో కూలికి పోతున్నానని ఇంట్లో చెప్పి వచ్చి రెండేండ్లుగా ఇక్కడున్నాడు. ఊళ్లో తమ్ముడున్నాడు, తమ్ముడికి పిల్లలున్నారు. ఇంట్లోవాళ్లు చూపించుకోవాలి, నిజం రాయించు అని ఎంత చెప్పినా ఊరుకునేవాడు. డిసెంబరులో ఒక పొద్దున, అందరి కాళ్లూ తొట్లలో నానుతుండగా, నీ జాబులు రెండూ తీసి చదివాను. ఒక్కో మాటా నేపాలీలో చెప్పాను. ముస్తఫా అన్న పత్తిపోగు ముట్టించిన దగ్గరే ఒకతను తొట్టిలోంచి కాలు తీసేసి తల పట్టుకున్నాడు. రూతు గవ్వలాట దగ్గర మన్‌బహదూర్ గోడ వైపు తిరిగాడు. చర్చిలో జరిగింది కూడా చదివాను.

చదివాక భయం వేసింది, షరతు తప్పానేమోనని. సంతకం పెట్టినదాన్ని కదా. నేరుగా పోయి డాక్టరమ్మకు చెప్పాను. "మతం మార్చవద్దన్నారు. అన్న ఉండకూడదని ఎవరూ అనలేదు" అంది. అయ్యగారు అడిగితే నువ్వు ఇదే చెప్పు. వాక్యం చెప్పడం లేదు, అన్న జాబు చదువుతున్నానని.

ఆ సాయంత్రమే మన్‌బహదూర్ వచ్చి తమ్ముడికి జాబు రాయమన్నాడు. అతను చెప్పాడు, నేను రాశాను. మూడు మాటలే: ఇక్కడున్నాను, ఈ రోగం, పిల్లలను ఎండలో నిలబెట్టి చూడు. ఆ తర్వాత ఇంకో నలుగురు రాయించారు. ఒక ఇంటి నుంచి, ఆ పేరు గలవాడు మా ఇంట చచ్చిపోయాడని జవాబు వచ్చింది. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాలు కడగమని బల్ల మీద కూర్చున్నాడు. మిగతావాళ్లకు ఇంకా ఏమీ రాలేదు.

వచ్చే అక్టోబరుతో నా రెండేండ్లూ నిండుతాయి. ఇంకో మూడేండ్లకు ఒప్పుకున్నాను. మధ్యలో రెండు నెలలు ఇంటికి వచ్చి, రూతు మచ్చ నా కండ్లతో చూసి మళ్లీ పోతాను. స్టేషన్లో ఈసారి నాతో మాట్లాడాలి.

ఇంకా రాయాలనే కూర్చున్నాను, ఇంతలో వాచ్‌మన్ వచ్చాడు. పొద్దున్నుంచి గేటు బయట ఒక మనిషి నిలబడి ఉన్నాడట. నాలుగు రోజుల నడకన వచ్చానంటున్నాడు, లోపలికి రమ్మంటే రావడం లేదు. భుజాల మీద ఒక పిల్ల ఉంది. మన్‌బహదూర్ ఇక్కడే ఉన్నాడా అని ఒక్కటే అడుగుతున్నాడట. మన్‌బహదూర్ మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడ్డాడు గానీ అడుగు పడడం లేదు.

నేను గేటు దగ్గరికి పోతున్నాను.

ఎస్తేరు